చీటీ మీద వంద

వంద కిలోలు, మళ్లీ వందే, దించడానికి లేదు. బల్ల దగ్గర కూర్చున్నావిడ మర్యాదగానే చెప్పింది, "పెంచుకోవచ్చు సార్, అదే ఉంచుకోవచ్చు, తగ్గించడం మాత్రం కుదరదు," అని, పిల్లల బరువులెత్తే పోటీ జరిగిన ప్రతిసారీ నలుగురైదుగురు తండ్రులకి ఆ మాట చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో, అతను ఆ చిన్న చీటీ మీద మళ్లీ వంద రాసి, సంతకం పెట్టి ఇచ్చేసి, వచ్చి కూతురి పక్కన మడతకుర్చీలో కూలబడ్డాడు. మొదటి ప్రయత్నం పోయింది. కడ్డీని భుజాల మీదికి తీసుకుంది, రెండడుగులు వెనక్కి వేసింది, కూర్చుంది, బాగా కిందికే కూర్చుంది, లేవడమే కుదరలేదు, సగంలో ఆగిపోయి కాళ్లు వణుకుతుంటే కాపలాకి నిలబడ్డ ముగ్గురూ అందుకుని స్టాండు మీద పెట్టేశారు. మూడు ఎర్ర దీపాలు, ముగ్గురు జడ్జీలూ చెల్లదన్నట్టు. ఒక్కో ఎత్తుకి మూడే అవకాశాలు, అందులో ఒకటి అయిపోయింది, మిగిలిన రెండింట్లో ఒక్కటైనా నిలబడకపోతే ఈ కూర్చుని లేచే స్క్వాట్‌లో సున్నా, అందులో సున్నా వస్తే తర్వాత పడుకుని ఎత్తే బెంచ్ ప్రెస్సూ లేదు, నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్టూ లేదు, ఏడాదిన్నర కష్టాన్ని సంచిలో సర్దుకుని పొద్దున్న పదిన్నరకల్లా ఇంటికి పోవడమే. గుంపులో పద్నాలుగు మంది అమ్మాయిలున్నారు. ఈమె వంతు మళ్లీ రావడానికి పావుగంట పడుతుంది.

పదహారేళ్ల పిల్ల, కాళ్లు బారజాపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడని చూస్తోంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది, ఓదార్చడం అతనికి చేతనవును. అతనికి చేతకానిది ఈ పని, ఈ చీటీలూ, ఈ దీపాలూ, ఈ నిమిషాల లెక్కా. రావలసింది అతను కాదు, పిల్లకి నేర్పే డ్యూటీ అక్క. ఆవిడ ప్రసూతి వార్డులో నర్సు, ఎప్పుడు చూసినా "నాకు డ్యూటీ ఉంది" అంటుంది గనక పిల్లలంతా ఆ పేరే పెట్టారు, ఈ రోజు నిజంగానే డ్యూటీ పడింది, మార్చుకోవడానికి ఎవరూ దొరకలేదు. నిన్న ఫోన్‌లో అతనికి ఇరవై నిమిషాలు పాఠం చెప్పింది. మొదటి బరువు ఎప్పుడూ తేలికది పెట్టాలి సార్, జ్వరం వచ్చినా ఎత్తగలిగేది పెట్టాలి, అది గొప్పకి కాదు, పుస్తకంలో పేరు పడ్డానికి, గొప్పలన్నీ మూడోదానికి దాచుకుంటాం. అతను సరే సరే అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా బరువులతో కాపురం చేస్తున్నవాడికి నర్సమ్మ పాఠాలు చెప్పడమేమిటని లోపల ఎక్కడో నవ్వుకున్నాడు కూడా. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఎందుకు రాశాడు వంద. బరువు తూచే గదిలోకి తండ్రుల్ని రానివ్వరు, పిల్ల లోపలికి వెళ్తూ వెళ్తూ, "స్క్వాట్‌కి తొంభై రాయి నాన్నా, మిగతావి అక్క చెప్పినట్టే," అని వెళ్లింది, అతను గోడకి చీటీ ఆనించి రాయబోతూ, ముందున్న అమ్మాయి చీటీ బల్ల మీద కనపడితే తొంగి చూశాడు, తొంభై ఐదు. చూడకుండా ఉంటే ఏ బాధా లేకపోయేది. పిల్ల పోయిన నెల వంద ఎత్తింది, ఇంటికొచ్చి చెప్పింది, ఒక్కసారే ఎత్తింది, అక్క పక్కన నిలబడి అరుస్తుంటే ఎత్తింది, ఆ సంగతి కూడా చెప్పింది, కానీ అతని చెవికి ఎక్కింది వంద ఒక్కటే. వంద ఎత్తగలిగిన పిల్ల తొంభైతో మొదలుపెట్టడమేమిటి, చూసేవాళ్లు ఏమనుకుంటారు, తొంభై ఐదు పిల్లకన్నా తక్కువది అనుకోరూ. కలం అదే వంద రాసేసింది అని చెప్పుకోవడానికి లేదు, అతనే రాశాడు, మూడు అంకెలూ చక్కగా, దిద్దినట్టు రాశాడు. ఆ పైన ఊరుకోకుండా, వెనక వరుసలో కూర్చున్న పంపుల మెకానిక్‌తో, ఆయన కూతురు కూడా ఈ గుంపులోనే ఉంది, "మా అమ్మాయి వందతో మొదలెడుతోందండీ," అన్నాడు, అడక్కపోయినా చెప్పాడు.

తూచే గది పక్క గోడకి అద్దం లేదు. అతని కళ్లు ఎక్కడికెళ్లినా ముందు అద్దాన్నే వెతుకుతాయి, పని అలాంటిది, అద్దాలు బిగించడం, షాపుల్లో, సెలూన్లలో, ముఖ్యంగా జిమ్ముల్లో. ఈ చుట్టుపక్కల కండలు పెంచుకునేవాళ్లు తమని తాము చూసి మురిసిపోయే అద్దాల్లో సగం అతను కోసి, అంచులు అరగదీసి, గోడ వంకర్లు సరిచేసి నిలబెట్టినవే. తను వెళ్లే జిమ్ములో అయితే మూడు గోడలకీ అద్దాలు, డబ్బులు కూడా తీసుకోలేదు, మనం చూసుకోవడానికేగా అనుకున్నాడు. డ్యూటీ అక్క దగ్గర పిల్ల చేరినప్పుడు ఆ షెడ్డు చూసి అతనికి జాలేసింది, రేకుల కప్పు, సిమెంటు నేల, ఎదురుగా సున్నం గోడ. నిలువెత్తు అద్దం ఒకటి ఉచితంగా బిగిస్తానన్నాడు. "వద్దు సార్, గోడ చాలు," అంది ఆవిడ. ఎందుకమ్మా అంటే, అద్దం ఉంటే పిల్లలు మెడ తిప్పి తొడలు చూసుకుంటారు, కడ్డీ ఎక్కడికి పోతోందో చూడరు, అంది. అద్దం వద్దన్న మనిషిని అతను అదే మొదటిసారి చూడడం. ఇంటికెళ్లి భార్యతో చెప్పుకుని వారం రోజులు నొచ్చుకున్నాడు.

అసలు ఆ షెడ్డులో అతనికి నచ్చింది ఒక్కటీ లేదు. అతని జిమ్ములో పన్నెండేసి సార్లు, పదిహేనేసి సార్లు ఎత్తుతారు, కండ మండాలి, రక్తం నిండి చొక్కా బిగవాలి, నిమిషం కన్నా ఎక్కువ కూర్చుంటే ఎవడో ఒకడు నిద్రపోతున్నావా అంటాడు. ఇక్కడ మూడుసార్లు ఎత్తి ఐదు నిమిషాలు కూర్చుంటారు. స్టూలు మీద, పెళ్లిలో రెండో పంక్తికి కాచుక్కూర్చున్న చుట్టాల్లాగా, కబుర్లు చెప్పుకుంటూ. ఒకరోజు ఉండబట్టలేక, ఇదేం వ్యాయామమే, సగం టైము కూర్చోవడమేగా అన్నాడు. పిల్ల లేచి కడ్డీ కిందికి వెళ్లి మూడుసార్లు కూర్చుని లేచి వచ్చి, మళ్లీ స్టూలు మీద కూర్చుని, "నువ్వొకసారి చెయ్యి నాన్నా," అంది. చేశాడు. మర్నాడు నిచ్చెన ఎక్కలేక పని కుర్రాడికి కడుపునొప్పి అని చెప్పాడు.

పొట్ట సంగతి ఇంకా ఘోరం. బతుకంతా పొట్ట లోపలికి పీల్చిపెట్టుకున్న మనిషి అతను, ఫొటోలో పీలుస్తాడు, వీధిలో పీలుస్తాడు, భోజనం దగ్గర కూడా పీలుస్తాడని భార్య వెక్కిరిస్తుంది. కూతురికి పద్నాలుగేళ్లప్పుడు తన పక్కన అద్దం ముందు నిలబెట్టి మొదట నేర్పింది అదే, పొట్ట లోపలికి, ఛాతీ పైకి, నవ్వు. పిల్ల నవ్వేది కాదు. చేతిలో డంబెల్ చూపించి, ఎంత బరువు నాన్నా ఇది, అనేది. ఎంత అన్నది కాదమ్మా, ఎలా కనబడుతున్నావన్నదే, అనేవాడు. మళ్లీ కాసేపటికి, అయినా ఎంత, అనేది. డ్యూటీ అక్క దగ్గరకెళ్లిన మొదటి వారం ఇంట్లో నేల మీద పడుకుని, పొట్ట మీద డిక్షనరీ పెట్టుకుని, ఊపిరి పీల్చి దాన్ని పైకి లేపుతుంటే ఇదేం పిచ్చని అడిగాడు. పొట్ట బయటికి నెట్టాలట, నడుముకి బిగించే బెల్టుని అన్నివైపులా నెట్టాలట, అప్పుడు నడుం గట్టిగా నిలుస్తుందట. వాళ్లమ్మ బట్టలు సరిచేసే కుట్టుపని చేస్తుంది, ఆవిడ మిషను మీంచి తలెత్తి, "మీ నాన్నకి నడుం తగ్గించడం, నీకు తొడలు వదులు చెయ్యడం, నా బతుకంతా కుట్లు విప్పడంతోనే సరిపోయింది," అంది.

పిల్లలో మార్పు అతనికి కనపడలేదు, అదే అతని బెంగ. చేతులు గుండ్రంగా ఉన్నాయి, నరాలు తేలలేదు, భుజాలకి గీతలు రాలేదు, బడిలో పక్కన నిలబడ్డ పిల్లకీ ఈ పిల్లకీ తేడా ఏమిటో తనంతటివాడికే అంతు చిక్కలేదు. అక్క దాన్ని ముద్దుగా బండ అంటుంది. మా పిల్లని బండ అంటారేమిటండీ అని ఒకసారి అడిగేశాడు కూడా. బండ కదలదు సార్, అంది ఆవిడ, అదేదో బిరుదు అయినట్టు.

మైకులో ఎవరిదో పేరు పిలిచారు, రెండో ప్రయత్నం ఎనభై ఐదు కిలోలు, పంపుల మెకానిక్ కూతురు, చకచకా కూర్చుని లేచింది, మూడు తెల్ల దీపాలు. వెనక నుంచి చప్పట్లు. అతనూ రెండు చప్పట్లు కొట్టాడు.

కండల పోటీలో చివరిసారి అతను స్టేజి ఎక్కినప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. మూడు రోజులు నీళ్లు తాగలేదు, రెండు వారాలు ఉప్పు లేదు, తెల్లసొన తప్ప ఏదీ నోట్లోకి పోలేదు, ఒంటికి నాలుగు పూతలు రంగు పూశారు, పైన నూనె. అక్కడ అంతా మొదటి నిలబాటులోనే తేలిపోతుంది, తెర తీయగానే జడ్జీల కళ్లు ఎవరి మీద పడితే వాడిదే ఆట, అందుకే ఉన్నదంతా మొదటి క్షణంలోనే పరిచెయ్యాలి, అది అతనికి రక్తంలోకి ఎక్కిపోయిన పాఠం. నాలుగో స్థానం వచ్చింది. స్టేజి వెనక్కి రాగానే నీళ్ల సీసా ఇచ్చారు, దాని మూత తిప్పలేకపోయాడు. రెండు చేతులతో తిప్పినా రాలేదు. చుట్టూ అందరూ అంతే, చెక్కిన బొమ్మల్లా ఉన్న పదిమంది మగవాళ్లు, గోడలకి జారబడి, సీసాలు పట్టుకుని. కొత్తగా పెళ్లయిన భార్య వచ్చి మూత తీసి ఇచ్చింది. బతుకు మొత్తంలో అతని ఒళ్లు అందరికన్నా అందంగా ఉన్న రోజు అదే, సీసా మూత తిప్పే సత్తువ లేని రోజూ అదే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆ ఫొటో మాత్రం హాల్లో ఫ్రేము కట్టించి పెట్టాడు. ఈ రోజు వంద రాసింది ఆ ఫొటోలో వాడే. ఎంత అన్నది ఎన్నడూ పట్టించుకోని మనిషి అంకె దగ్గరకొచ్చేసరికి అదెలా కనబడుతుందోనని చూశాడు, అంకెకి కూడా నూనె పూసి నిలబెట్టాడు.

పిల్ల లేచింది. వంతు వచ్చేసింది. ఏం చెప్పాలో తెలియక అతను "దమ్ము పట్టు" అన్నాడు, అది జిమ్ములో ఎవరైనా ఎవరికైనా అనేదే. ఎదురుగా నిలబడి చూశాడు. ఈసారి పిల్ల జాగ్రత్తగా దిగింది, నెమ్మదిగా, మొదటిసారి కింద ఇరుక్కుపోయిన భయం కాళ్లలో ఉంది కాబోలు, దిగి, లేచింది, పైదాకా లేచింది, అతను చేతులు పైకెత్తేశాడు. దీపాలు చూస్తే ఒకటి తెలుపు, రెండు ఎరుపు. ఏం తప్పు, ఏం తప్పని తిరుగుతుంటే చీటీల బల్ల దగ్గర ఎవరో చెప్పారు, లోతు చాల్లేదండీ, తుంటి మోకాలికన్నా కిందికి దిగాలి. నాకు బాగానే కనిపించిందండీ, అన్నాడు. ఎదురుగా నిలబడితే కనపడదు సార్, పక్క నుంచి చూడాలి, అన్నారు. ముప్ఫై ఏళ్లుగా అతను మనుషుల్ని చూసిందంతా ఎదురు నుంచే, ఎదురు నుంచీ వెనక నుంచీ, వెలుతురు ఎటు పడుతోందో చూసుకుని. మళ్లీ చీటీ, మళ్లీ వంద. ఈసారి సున్నాలు సొట్టలు పోయాయి.

ఇక ఒక్కటే. పిల్ల కుర్చీలో కూర్చుని అరటిపండు సగం తిని, మిగతా సగం తొక్కతో సహా అతని చేతికిచ్చింది. అతను దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు, అక్క అడిగితే ఈ రోజు పిల్లకి బాగాలేదు అనొచ్చు, జ్వరంగా ఉంది అనొచ్చు, పిల్ల కూడా తన సత్తా ఇంతేననుకుంటుంది, కొన్నాళ్లకి మానేస్తుంది. అదీ, అక్కడ ఆగింది అతని ఆలోచన. తన తప్పుని పిల్ల తన ఒంటి లోపం అనుకుని మోసుకుపోతుంది. అంతకన్నా పెద్ద అన్యాయం అతను ఇంతవరకు ఎవరికీ చెయ్యలేదు.

"నువ్వు చెప్పింది తొంభై," అన్నాడు. "నేనే వంద రాశాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"బోర్డు మీద చూశా. మొదలవ్వకముందే."

"మరి మార్చమనలేదే. మొదలవ్వకముందయితే ఒకసారి మార్చనిస్తారటగా, తగ్గించడానికైనా."

"మార్చనిస్తారు." షూ లేసు విప్పి మళ్లీ గట్టిగా కట్టుకుంది. "అప్పటికే నువ్వు వెనకాయనకి చెప్పేశావు కదా నాన్నా."

కడ్డీ మీద వంద కిలోలున్నాయనుకున్నాడు ఇంతసేపూ, దాని పైన తన మాట కూడా పెట్టుకుని కూర్చుని లేవబోయింది ఆ పిల్ల, రెండుసార్లు. సిగ్గేసింది. స్టేజి మీద లంగోటంత బట్టతో వెయ్యిమంది ముందు నిలబడ్డప్పుడు కూడా వెయ్యని సిగ్గు. పోదాం పద, ఇంటికెళ్లిపోదాం, నీ కాళ్లకేమైనా అయితే అనబోయాడు, అన్నాడు కూడా, సగం. పిల్ల అరటితొక్క వైపు చూసి, "అది పారేసి రా, బెల్టు బిగించాలి," అంది.

బెల్టు బిగించాడు. చాలా అంటే ఇంకో రంధ్రం అంది. మోకాలు ఆన్చి లాగాడు. పొట్ట బెల్టు మీంచి పొంగింది, మొహం ఎర్రబడింది, ఇంత దగ్గరగా చూస్తే ఆ పిల్ల నడుం తన చేతుల్లో చెట్టు మొదలంత గట్టిగా ఉంది, ఆ గట్టిదనం ఏ అద్దంలోనూ కనపడేది కాదు, పట్టుకుంటేనే తెలుస్తుంది. పిల్ల పేరు పిలిచారు. అతను ఎదురుగా వెళ్లలేదు. తాడు కట్టిన పక్కకి, జడ్జీ కుర్చీ వెనకాలకి వెళ్లి నిలబడ్డాడు.

కడ్డీ కిందికి దూరింది. ఎత్తుకుంది. ఒకటి, రెండు, అడుగులు. ఊపిరి పొట్టలోకి పీల్చింది. ఎదురుగా ఉన్న జడ్జీ దిగమని చెయ్యి దించాడు. పిల్ల దిగింది, దిగుతూనే ఉంది, అతనికి ఇప్పుడు కనపడింది, తుంటి మోకాలి గీత దాటడం, ఆ పైన ఇంకో వేలెడు దిగడం, చాలమ్మా చాలు అనుకున్నాడు, ఇక లే, లేచింది, జానెడు, ఆగింది. మొదటిసారి ఆగిన చోటే. మొహం చూస్తే తన కూతుర్ని గుర్తుపట్టేవాడు కాదు, పెదాలు ఒక పక్కకి పోయి, మెడ మీద తాళ్లు లేచి, ముక్కులోంచి ఏదో కారుతూ, ఇంత అందవికారంగా మనిషిని అతను ఎప్పుడూ చూడలేదు, ఇక్కడ మొహానికి మార్కుల్లేవు, ఎవరూ మొహం చూడడం లేదు, అతనొక్కడే చూస్తున్నాడు. గోడకేసి చూస్తోంది పిల్ల. ఒక అంగుళం. ఇంకో అంగుళం. ఎంతసేపని, పాలు కాచినంతసేపు పట్టినట్టనిపించింది, తర్వాత ఎవరో మూడు సెకన్లన్నారు. మోకాళ్లు సాగాయి. నిలబడింది. నిలబడి, జడ్జీ చెప్పేదాకా కడ్డీతో అలాగే ఆగింది, చెప్పాక ముందుకి నడిచి పెట్టింది. తెలుపు, ఎరుపు, తెలుపు. రెండు తెలుపులు చాలు.

అతను కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాడు. ఏడుపొచ్చింది, వస్తే రానిచ్చాడు. పిల్ల వచ్చి పక్కన కూర్చుని ముక్కు చీదుకుని బెల్టు వదులు చేసుకుంది. వెనక వరుసలోంచి పంపుల మెకానిక్ లేచి వచ్చి అతని భుజం తట్టాడు. "భలేవారండీ మీరు. వందతో మొదలెట్టించారంటే గుండె ఉండాలి. మా కోచ్ మొదటిదానికి ఎనభై దాటనివ్వలేదు, పిరికివాడు," అన్నాడు, చుట్టూ ఉన్న నలుగురు తండ్రులూ వింటుండగా. ఆ మాట చెవిలో తియ్యగానే పడింది. తీసుకుని జేబులో వేసుకుంటే పోయేదేమీ లేదు, ఎత్తడం ఎలాగూ ఎత్తింది, రేపట్నుంచి అది తప్పు కాదు, ఎత్తుగడ. ఇలాంటి మాటల కోసమే అతను ఎన్నేళ్లు తెల్లసొన తిన్నాడో.

"గుండె కాదండీ," అన్నాడు. "తొంభై రాయమంది, నేను గొప్పకి పోయి వంద రాశాను. దాని నోటి దగ్గర ముద్ద తీసేయబోయాను. మీ కోచ్ చేసిందే సరి."

మెకానిక్ అతని భుజం మీద చెయ్యి ఒక్క క్షణం ఉంచి తీసేశాడు. "ఏదైతేనేం, ఎత్తింది కదండీ," అన్నాడు.

"ఎత్తింది అది. రాసింది నేను."

పిల్ల అతని వైపు చూసి మొహం తుడుచుకుంది. "బెంచ్‌కి ఎంత రాశావ్?" అంది.

"యాభై."

"అక్క చెప్పింది నలభై రెండున్నర."

"అవును."

పిల్ల చేతులు చాపి చూసుకుంది, ఇంకా సన్నగా వణుకుతున్నాయి. "నలభై చేసి రా. ఇంకా టైముంది."

అతను లేచాడు. బోర్డు మీద బెంచ్ అంకెలు అప్పటికే వేస్తున్నారు, అందరికన్నా కింద నలభై రెండున్నర, అది పంపుల మెకానిక్ కూతురిది. నలభై అంటే దానికన్నా తక్కువ, తక్కువ బరువు రాసినవాళ్లనే ముందు పిలుస్తారు గనక మైకులో అందరికన్నా ముందు పిలిచేది తన కూతురి పేరే. బల్ల దగ్గరావిడ చీటీ అందుకుని ఒకసారి చూసి, వంద ఎత్తిన పిల్లదేనా అన్నట్టు కళ్లజోడు మీంచి అతన్ని చూసింది.

"నలభైయేనా సార్?"

"నలభైయే," అన్నాడు, వెనక వరుసలకి కూడా వినపడేలా.